జ్వరం చావా, పురిటి చావా

వానలు వెనకబట్టిన వారానికి ఆ ఊరి మితానిన్ నాకు ఫోన్ చేసింది. మా ఛత్తీస్‌గఢ్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు. ఆమె గొంతులో ఏడుపు లేదు, సందేహం ఉంది.

“దీదీ, మా ఊళ్ళె ఒక బాలింత సచ్చిపోయింది. జ్వరమొచ్చి పోయింది. మీకు చెప్పాల్నా వద్దా అని నిన్నటి సంది ఆలోచిస్తున్న.”

“బిడ్డ?”

“బిడ్డ మంచిగనే ఉంది. ఆడపిల్ల. తోటికోడలు పాలు పడుతున్నది.”

“కాన్పయ్యి ఎన్ని దినాలయింది?”

“నెల దాటింది దీదీ. పేరు గూడ పెట్టిన్రు. గందుకే అడుగుతున్న, ఇది కాన్పు కిందికి వస్తదా, జ్వరం కిందికి వస్తదా?”

ఎక్కడ చనిపోయిందని అడిగాను. తెలంగాణ వైపు ఆసుపత్రిలో అంది. ఇంకేం చెప్పకుండా, రేపో ఎల్లుండో వస్తామని ఫోన్ పెట్టేశాను.

మాది భోపాలపట్నంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నాన్నది కిరాణా దుకాణం. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, దుకాణం గుమ్మంలో దోర్లీ, జగదల్‌పూర్‌లో నర్సు చదువుకు వెళ్ళాక హాస్టల్లో హల్బీ. ఇప్పుడు ఊళ్ళలో తిరిగే నర్సుల పని చూసుకోవడం నా ఉద్యోగం. ఈ నాలుగు భాషల వల్ల నాకు ఇంకో పని తగులుకుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడమనిషి ఎవరైనా చనిపోతే, ఎందుకు చనిపోయిందో అడిగి తెలుసుకోవడానికి డాక్టరు వెళ్తారు, పక్కన నేనూ వెళ్తాను. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఏ భాషలోనైనా అడగడానికి నోరు రానివే.

మరునాడు ఆఫీసులో మా డాక్టరు మేడమ్‌కి సంగతి చెప్పాను. రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఎదురు బల్ల దగ్గర మలేరియా పని చూసే ఆయన కూర్చుని ఉన్నాడు. మేమింకా మాట్లాడుకుంటుండగానే ఆయన అందుకున్నాడు.

“మలేరియా అయితే నా లెక్కలోకి వస్తుంది మేడమ్. పైగా చనిపోయింది అక్కడి ఆసుపత్రిలో. వాళ్ళు రాసుకుంటారు. మనమెందుకు నెత్తికెత్తుకోవడం?”

మేడమ్ విసుక్కోలేదు. ఆయనకు చెబుతున్నట్టే మా అందరికీ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు గానీ, కాన్పయినా గర్భం పోయినా ఆ తర్వాత నలభై రెండు రోజుల లోపల గానీ ఆడమనిషి చనిపోతే, ఆ గర్భం వల్ల వచ్చిన కారణంతోనో, గర్భం వల్ల ముదిరిన జబ్బుతోనో పోతే, అది మాతృ మరణం. ఎక్కడ చనిపోయిందన్నది చూడరు. ఏ ఊరి మనిషో ఆ ఊరి లెక్కలోకే రావాలి. పాము కరిచో, బండి బోల్తా పడో పోతే మాత్రం అందులోకి రాదు.

“జ్వరం కూడా పాము కాటు లాంటిదే కదా మేడమ్,” అన్నాడాయన. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. “కడుపుతో ఉన్నా లేకపోయినా వస్తుంది.”

“రావడం వేరు, చంపడం వేరు,” అంది మేడమ్. “అదే తేల్చుకోవడానికి వెళ్తున్నాం.”

ఆ నలభై రెండు రోజుల మాట నేను మొదటిసారి విన్నది ఉద్యోగంలో చేరిన ఏడాది, శిక్షణలో. ఆ వేళ అందరూ రాసుకుంటుంటే నా పెన్ను ఆగిపోయింది. మా అమ్మ తమ్ముడు పుట్టిన కొన్ని నెలలకు పోయింది. వాడప్పటికి దిండు ఆనిస్తే కూర్చుంటున్నాడు. కాన్పయ్యాక అమ్మ కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. దుకాణంలో బియ్యం బస్తాలకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఇంట్లో ఎప్పుడూ అమ్మ ఆయాసంతో పోయిందనే అనుకునేవాళ్ళం. నర్సు చదువులో గుండె గురించి చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. శిక్షణలో లేచి అడిగాను. చెప్పేవారు ఓపికగా జవాబిచ్చారు: కాన్పు వల్ల గుండె బలహీనపడి అలా జరుగుతుంది, కానీ నలభై రెండు రోజులు దాటి ఏడాది లోపల అయితే దాన్ని ఆలస్యపు మాతృ మరణం అంటారు, విడిగా రాస్తారు, అసలు లెక్కలో కలపరు.

ఆ వారం ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. అమ్మది ఉత్త ఆయాసం కాదనీ, కాన్పు వల్లే వచ్చిందనీ. తెలియని విషయం చెబుతున్నాననుకున్నాను. నాన్న పప్పు తూకం వేస్తూ వేస్తూ ఆగాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “జగదల్‌పూర్ డాక్టరు అప్పుడే చెప్పాడు. నేనే ఎవరికీ చెప్పలేదు.”

“ఎందుకు?”

“కాన్పు వల్ల పోయిందంటే ఏ కాన్పు అంటారు. వాడి వైపు చూస్తారు. తల్లిని తినేసిన పిల్లాడంటారు. ఆయాసమంటే ఎవరి మీదా పడదు.”

అప్పటికి తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు. గుమ్మంలో సైకిల్ తుడుచుకుంటున్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. కానీ ఇలాంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా, ఒక మాట దాస్తున్నారనిపిస్తే, వాళ్ళు దాస్తున్నది మా నుంచే అనుకోవడం మానేశాను.

రెండో రోజు పొద్దున్నే జీపులో బయల్దేరాం. తర్లగూడ రోడ్డు మీద కొంత దూరం పోయి, పోలీసు క్యాంపు దగ్గర ఆగి మేం ఎవరమో చెప్పి, కుడి వైపు మట్టి దారి పట్టాం. వరి పొట్ట మీద ఉంది. వాగు మోకాలి లోతుకు తగ్గింది కాబట్టి జీపు దాటింది. వాన నెలల్లో ఆ వాగు దాటి మా నర్సు ఆ ఊరికి పోలేకపోయిందని నాకు తెలుసు. మేడమ్‌కీ తెలుసు. ఇద్దరం ఆ నీళ్ళ వైపు చూశాం.

దారిలో మేడమ్ నన్నడిగింది. “మాతృ మరణాన్ని మీ భాషలో ఏమంటారు దీదీ?”

“పుస్తకాల్లో అదే మాట. ఊళ్ళలో అయితే పురిటి చావు అంటారు.”

ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది. ప్రతి ఊరికీ వెళ్ళేటప్పుడు ఒక మాట నేర్చుకోవడం ఆమెకు అలవాటు.

ఇల్లు ఊరి చివర. అత్త చేటతో పెసలు చెరుగుతోంది. తోటికోడలు అరుగు మీద కూర్చుని పాలిస్తోంది. ఒక రొమ్ముకు ఆ చిన్న పిల్ల, ఇంకో పక్క తన కొడుకు తన వంతు కోసం చీర కొంగు లాగుతూ. చనిపోయినామె భర్త మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. పాతికేళ్ళుంటాయి. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

ఆ కుటుంబం తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఏటా మిర్చి ఏరడానికి అవతలి వైపు, తెలంగాణకు పోతారు. నేను అత్త పక్కన కింద కూర్చుని, వచ్చిన పని చెప్పాను.

“అడగడానికేముంది బిడ్డా,” అంది ఆమె చేట ఆపకుండా. “జ్వరమొచ్చింది, పోయింది. పురుడు నీళ్ళు పోసుకున్నది, పేరు పెట్టినం, వాగుకు పోయి నీళ్ళు తెచ్చింది. అన్నీ అయినంక వచ్చింది జ్వరం.”

నేను హిందీలో చెప్పాను. మేడమ్ తల ఊపి, నా అనువాదం కోసం ఆగకుండా, తను నేర్చుకున్న తెలుగులో, ఎంతో మర్యాదగా అడిగింది.

“అమ్మా, ఇది పురిటి చావా?”

చేట ఆగింది. అరుగు మీద తోటికోడలు ఒళ్ళో పిల్లను దగ్గరికి లాక్కుంది. అత్త లేచి నిలబడి, మేడమ్ వైపు కాదు, నా వైపు చూసింది.

“ఆ మాట అనద్దని చెప్పు. ఈ ఇంట్ల అనద్దు.”

మేడమ్ ముఖం తెల్లబోయింది. తప్పేం మాట్లాడానని నన్ను కళ్ళతోనే అడిగింది. నాకూ వెంటనే తెలియలేదు. “అవ్వా, ఆమెకు మన మాటలు కొత్త. ఏం తప్పయిందో నాకు చెప్పు,” అన్నాను.

 ఆమె చేట పక్కన పెట్టి నాకు వినపడేంత గొంతుతో చెప్పింది. వాళ్ళ వంశంలో కడుపుతో గానీ పురుట్లో గానీ పోయిన ఆడవాళ్ళను మిగతావాళ్ళతో కలిపి పెట్టరు. వాగు అవతల విడిగా పూడుస్తారు. రాయి నిలపరు. కొత్తల పండుగకు పెద్దలను తలుచుకుని కొత్త బువ్వ పెట్టేటప్పుడు వాళ్ళను పిలవరు.

“మా అత్త చెల్లె గట్లనే పోయింది. ఆమె పేరు గూడ ఎవలకు యాదికి లేదు. నా కోడల్ని నేను గట్ల పడెయ్యలే. పురుడు తీరినంకనే పోయిందని ఊరి పెద్ద ఒప్పుకున్నడు. మనోళ్ళ పక్కన్నే పెట్టినం. రేపు మీ సర్కారోళ్ళు పురుడని రాస్తే, ఎవలన్న విని, అక్కడికెళ్ళి తియ్యమంటే?”

నేను మేడమ్‌కి మొత్తం చెప్పాను. ఆమె చేతిలోని పెన్ను మూత పెట్టేసింది. 

మాట్లాడింది భర్త. అప్పటిదాకా గుంజకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

“అమ్మా, వాళ్ళు అడిగేది అది కాదు. నేను చెప్తా,” అని మా వైపు తిరిగాడు. “అక్కా, మిర్చి చేనుకాడ ఉన్నప్పుడే ఆమెకు కడుపని తెలిసింది. ఆ చేను కాడికి ఏ నర్సు రాకపాయె. ఎండాకాలం తునికాకు కోసే నాటికి ఇంటికొచ్చినం. అప్పటికే నాలుగు అడుగులు ఏస్తే కూసునేది. పెదాలు తెల్లగుండె. బియ్యం బుక్కేది, పొయ్యి మట్టి తినేది. కడుపుతోటి ఉన్నోళ్ళు తింటరులే అనుకున్నం. ఆ తర్వాత వానలు పడ్డయి. వాగు దాటే వీలు లేకపాయె.”

“కాన్పప్పుడు రక్తం ఎక్కువ పోయిందా?” అని మేడమ్ అడిగింది. నేను తెలుగులో అడిగాను.

అత్త జవాబు చెప్పింది, కూర్చుంటూ. “అందరికీ పోయినంతనే పోయింది. కాని ఆమె తేరుకోలే. వాగు కాడికి పోయిందన్న గదా, కుండ నేనే మోసిన. ఊకె చెయ్యి పెట్టింది, పోవాలె గనక.”

“కాన్పయినప్పటి నుంచి ఎన్ని అంగళ్ళు దాటినయి అవ్వా?” అన్నాను. అక్కడ రోజులు అడిగితే చెప్పలేరు గానీ, వారం వారం జరిగే సంత లెక్క ఎవరూ తప్పరు.

“అంగడి తెల్లారి పుట్టింది పిల్ల. జ్వరమొచ్చిన నాడు నాలుగోది. ఐదో అంగడి నాడు తెచ్చి మట్టిల పెట్టినం.”

నలభై రెండు రోజులకు ఇంకా కొంత మిగిలే ఉంది. మేడమ్ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

“దవాఖానల రక్తం చూస్తే మలేరియా అన్నరు,” భర్త కొనసాగించాడు. “నా చేతికి గూడ సూది గుచ్చిన్రు. నాకూ అదే. ఒకటే మలేరియా, ఒకటే వారం. ఇద్దరికీ ఒకటే గోలీలు. నేను రెండో నాటికి బువ్వ తిన్న. ఆమెకు ఊపిరి ఆడకపాయె. రక్తం ఎక్కించాలె, ఇక్కడ లేదు, జగదల్‌పూర్ పొమ్మన్నరు. అంత దూరం నాకు ఎవలు తెలుసు? మిర్చి సేటు ఉన్న ఊరైతే తెలుసు, జీపు మాట్లాడి అటే తీస్కపోయిన. రక్తం దొరికేలోపల్నే పోయింది.” కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. “నాకూ ఆమెకూ ఒకటే జ్వరమొస్తే నేనెట్ల బతికిన అక్కా? గది చెప్పండి నాకు.”

నేను అనువదించడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. మేడమ్ నన్ను తొందర పెట్టలేదు. చివరికి అంతా చెప్పాక ఆమె అతనికి నేరుగా, హిందీలో, నెమ్మదిగా చెప్పింది. పిల్లను మోసినన్నాళ్ళూ ఆమె ఒంట్లో రక్తం తగ్గుతూ వచ్చింది, కాన్పులో ఇంకొంచెం పోయింది, జ్వరం వచ్చేసరికి తట్టుకునే బలం ఒంట్లో లేదు. అదే జ్వరం నీ ఒంటికి వస్తే నీ దగ్గర రక్తం ఉంది. ముందే చూసి ఉంటే ఆమెకూ ఉండేది. మేం చూడలేకపోయాం.

అతనికి హిందీ అర్థమైంది. నా వైపు తిరగలేదు.

అత్త మాత్రం ఊరి పెద్దకు చెప్పందే మమ్మల్ని కదలనివ్వనంది. ఏం రాసుకుపోతున్నారో ఆయనకు చెప్పి పొమ్మంది. ఆయన ఇల్లు నాలుగు ఇళ్ళ అవతల; తల్లీకొడుకులిద్దరూ మా వెంట వచ్చారు. వెదురు చీల్చి చేపల బుట్ట అల్లుకుంటున్నాడు. మమ్మల్ని కూర్చోమని, అత్త చెప్పేది అంతా విని, అల్లిక ఆపకుండానే నన్ను అడిగాడు.

“పురుడని మీరు ఎన్ని దినాలు పట్టుకుంటరు?”

“నలభై రెండు తాతా.”

“అన్నే ఎందుకు?”

మేడమ్‌ని అడిగి చెప్పాను. కాన్పు తర్వాత ఒళ్ళు మునుపటిలా కావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది, అందుకని అక్కడ గీత గీశారు అని. అందరికీ అదే నాటికి కాదు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, కానీ లెక్కకు ఎక్కడో ఒక చోట ఆగాలి కదా అంది ఆమె. ఆ మాట చెప్పేటప్పుడు బియ్యం బస్తాలకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ కళ్ళ ముందుకొచ్చింది. 

“మాది వాగు నీళ్ళు తెచ్చేదాకనే,” అన్నాడాయన. “మేం కూడ ఒక కాడ ఆగినం. ఆమె నీళ్ళు తెచ్చింది. నాకు అది చాలు.” అత్త ముఖం తేలికపడింది. ఆయన ఒక బద్ద మొన చెక్కుతూ అడిగాడు. “మీరు రాసుకుంటే ఏమైతది?”

“ఎందుకు పోయిందో తెలిస్తే, ఇంకొకామెను ముందే చూసుకోవచ్చు.”

“ముందే రాసుకున్నోళ్ళు ఉన్నరా?”

“ఉన్నారు.”

“వాగు మీద వంతెన వచ్చిందా మరి?”

మేడమ్ లేదని తల అడ్డంగా ఊపింది. ఆయన కోప్పడలేదు. “రాసుకోండి,” అన్నాడు. “కాని ఆ మాట ఊళ్ళె అనద్దు. జిల్లా మీటింగని పిలిచి ఈ పిలగాణ్ణి గానీ, వీళ్ళమ్మను గానీ నలుగురి ముందల నిలబెట్టద్దు. అడిగేది ఉంటే ఇక్కడికే రావాలె.”

మేడమ్ ఒప్పుకుంది. ఊళ్ళో ఆ మాట మళ్ళీ ఎత్తం అని అత్తకు నేనూ చెప్పాను.

జిల్లా మీటింగు తర్వాతి నెలలో జరిగింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. జబ్బు మలేరియా, చనిపోయింది పక్క రాష్ట్రంలో, దీన్ని మన మాతృ మరణాల్లో ఎందుకు కలపాలని అక్కడా అడిగారు. పక్క రాష్ట్రంవాళ్ళు ఆమెను జ్వరాల కింద రాసుకుని వదిలేశారని అక్కడే తెలిసింది. మనమూ వదిలేస్తే కాన్పు వల్ల పోయినవాళ్ళ లెక్కలో ఆమె రెండు చోట్లా ఉండేది కాదు. మేడమ్ పెద్దగా వాదించలేదు. భర్త చెప్పింది చెప్పినట్టు చదివింది. ఒకటే మలేరియా, ఒకటే వారం, అతను రెండో రోజుకు అన్నం తిన్నాడు.  గర్భం వల్ల ముదిరిన జబ్బు కింద, పరోక్ష మాతృ మరణంగా రాశారు. మా మలేరియా ఆయన బయటికొచ్చాక నాతో, “నా లెక్కలోనూ ఉంచుతాను, రెండు చోట్లా ఉండనీ,” అన్నాడు.

దానివల్ల అంతా మారిందని చెప్పలేను. వంతెన రాలేదు. కానీ వానలకు ముందే వాగు అవతలి ఊళ్ళలో గర్భిణుల రక్తం చూసి రావాలని, మిర్చికి పోయేవాళ్ళలో కొత్తగా కడుపుతో ఉన్నవాళ్ళను అడిగి రాసుకోవాలని, బాలింతకు జ్వరమొస్తే మితానిన్ అదే రోజు సూది గుచ్చి చూడాలని అనుకున్నాం. కొన్నిచోట్ల జరుగుతోంది. ఒక నెల ఐరన్ మాత్రలు రాలేదు. ఇంకో నెల నర్సుకు బదిలీ అయింది. మళ్ళీ మొదలుపెట్టాం.

కొన్ని నెలల తర్వాత సంక్షేమ హాస్టల్ పని మీద తర్లగూడ వైపు వెళ్ళినప్పుడు, అంగట్లో ఆ అత్త కనిపించింది. చంకలో పిల్ల. ఎండు చేపల దగ్గర బేరమాడుతోంది. నన్ను గుర్తుపట్టి, బేరం మధ్యలో వదిలేసి పక్కకు తీసుకెళ్ళింది.

“రాసిన్రా?”

“రాసినం అవ్వా.”

“ఏమని?”

మీటింగులో వాడిన మాట నా నోటిదాకా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, చెప్పవలసింది విడదీసి చెప్పాను. “బిడ్డను మోసి ఒంట్లో రక్తం తగ్గింది, ఎవరూ సమయానికి చూడలేదు, జ్వరమొస్తే తట్టుకోలేకపోయింది. గిట్ల రాసినం.”

ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. “గది నిజమే గదా,” అంది. “గట్ల రాస్తే నాకేంది కోపం.” తర్వాత గొంతు తగ్గించి, పిల్లకు పాలిచ్చే చిన్న కోడలికి మళ్ళీ నెల తప్పిందేమో అనిపిస్తోందనీ, పెదాలు తెల్లగానే ఉన్నాయనీ, నర్సు ఎప్పుడొస్తుందనీ అడిగింది. ఎల్లుండి వస్తుందని, రాకపోతే నేనే వస్తానని చెప్పాను.

పిల్ల ఆమె చంకలోంచి వంగి నా మెడలోని ఐడీ కార్డు తాడు పట్టుకుంది. అత్త ఒక్కొక్క వేలు విడదీసి వదిలించి, ఎండు చేపల వాడు ఇంకా ఉన్నాడో లేడో చూసుకుంటూ గుంపులోకి వెళ్ళిపోయింది.